ఒక బెల్లంటే అవును

ఆయన పోయిన చాలా రోజులకు గానీ సైకిల్ ఇంటికి రాలేదు. పొద్దున్నే షికారుకు వెళ్ళిన మనిషి దారిలో కూలబడిపోతే, అటుగా వెళ్తున్న ఎవరో కారులో వేసుకుని ఆసుపత్రిలో చేర్చి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఇంట్లోవాళ్ళు చేరేసరికే అంతా అయిపోయింది. తర్వాత, ఆయన బైండరుగా పనిచేసిన ప్రెస్సువాళ్ళు వెతికితే, వాటర్ ట్యాంకు వెనక వీధి మలుపులో సైకిల్ కనబడింది. గోడ నీడన స్టాండు వేసి ఉంది. తాళం కూడా వేసి ఉంది. తాళంచెవి మాత్రం దొరకలేదు. తాళం కోయించి, సైకిల్ తెచ్చి మెట్ల కింద పెట్టి వెళ్ళారు.

ఆయన భార్యకు ఆ తాళం సంగతే మనసును తొలిచేది. ప్రాణం మీదికి వచ్చిన మనిషిని కారెక్కించే హడావిడిలో సైకిల్‌కి తాళం వేయాలని ఎవరికి తోస్తుంది?

"ఎవరో నిదానస్తులు అయ్యుంటారులే," అంది వదిన.

వదిన అంటే ఆయన అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పెళ్ళి ఊసెత్తితే లైను కట్ చేసేదని చుట్టాలు నవ్వుకునేవారు. తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ఊరందరి గొంతులూ విని విని ఆవిడవి పాముచెవులైపోయాయి. పక్కింట్లో చెంచా కింద పడితే ఏ గదిలో పడిందో చెప్పేది.

తమ్ముడు మాత్రం మాట పెగలని మనిషి. "అవును", "కాదు", "చూద్దాం", ఈ మూడింటితోనే వాడు సంసారం నెట్టుకొస్తున్నాడని వదిన వేళాకోళం చేసేది. కానీ రోజూ సైకిల్ మీద ఊరు చుట్టి వచ్చాక, టీ తాగుతూ, దారిలో చూసినది ఒక్కటి చెప్పేవాడు. బస్సు డిపోలో బస్సులకి స్నానాలు చేయిస్తున్నారనో, వంతెన కింద కొంగలు దిగాయనో, రైలుగేటు దగ్గర కుక్క ఈనిందనో. అంతే. ఎన్ని పిల్లలని అడిగితే జవాబుండదు. ఆ ఒక్క ముక్కతోనే ఆ ఇంట్లో తెల్లవారేది.

ఇప్పుడు ఆడవాళ్ళిద్దరే ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతుంటే, పన్ను ఊడిన సందులోకి నాలుక పోయినట్టు ఇద్దరి చెవులూ ఆ లేని మాట దగ్గరికే పోయేవి.

ఒకరోజు ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే ఆమె లేచి సైకిల్ బయటికి తీసింది. పెళ్ళికి ముందెప్పుడో తొక్కింది, మళ్ళీ ముట్టుకోలేదు. స్టాండు తన్నగానే అదే పాత చప్పుడు. లోపల మంచం కిర్రుమంది. వదిన జుట్టు విరబోసుకునే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది.

"చిన్నోడా," అంది.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వదిన గుమ్మం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"నేనే వదినా."

"కనబడుతూనే ఉందిలే," అంది వదిన. "వెళ్ళు. చూసుకుని తొక్కు. వచ్చాక ఏం చూశావో చెప్పు."

అలా మొదలైంది. సీటు ఆయన ఎత్తుకే ఉంది, దించుకోబుద్ధి కాలేదు. పెడల్ కిందికి వెళ్ళినప్పుడల్లా ఆమెకు కాలివేళ్ళు మాత్రమే అందేవి. హ్యాండిల్ రబ్బరు మీద ఆయన వేళ్ళు అరగదీసిన గుంటల్లో ఆమె వేళ్ళు వదులుగా పడేవి.

ఊరు ఆ వేళప్పుడు వేరేగా ఉండేది. వీధిదీపాలు వరసలు వరసలుగా ఆరిపోయేవి. బేకరీ వెనక పిండి బస్తాలు దించేవాళ్ళు తెల్లటి కనుబొమలతో ముసలివాళ్ళలా కనబడేవారు. ఆసుపత్రి గోడ వెంట, రాత్రి డ్యూటీ దిగిన నర్సొకతె చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేది. ఇవన్నీ ఆయన చూసి, ఒక్కటే ఏరి, మిగతావి లోపలే దాచుకున్నాడన్నమాట అనుకునేది.

ఒక్క విషయమే ఆమెను కలవరపెట్టేది. ఆమెకంటే ముందు సైకిల్‌ని ఊరు గుర్తుపట్టేది. బేకరీ ముందు ఊడ్చే మనిషి చక్రాల చప్పుడుకి తలెత్తకుండానే చీపురు పక్కకు లాగి దారి ఇచ్చాడు. తర్వాత తలెత్తి ఆమెను చూసి, చీపురు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. రైలుగేటు దగ్గర కుక్క తోకాడిస్తూ పరుగున వచ్చి, సగం దారిలో ఆగి, గాలిలో వాసన చూసి వెనక్కి పోయింది. ఆయన కోసం తీసి ఉంచిన దారిలో దొంగలా దూరినట్టు అనిపించేది ఆమెకు.

వాటర్ ట్యాంకు వెనక వీధిలోకి వెళ్ళడానికి చాలా రోజులు ధైర్యం చాలలేదు. వెళ్ళిన రోజున మలుపు తిరగగానే పిల్లి అడ్డొచ్చింది. బెల్ కొట్టింది. ఆ బెల్లులో స్ప్రింగు పాడైంది. ముందు గరగరమని, ఏదో ఆలోచించుకున్నట్టు ఆగి, అప్పుడు 'టింగ్' మంటుంది.

"వచ్చావా," అంది ఒక గొంతు. "ఏమయ్యా, ఇన్నాళ్ళూ ఏమైపోయావ్?"

ఆమె బ్రేకు వేసింది. ఇనప గేటు వెనక, వాకిట్లో కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకున్న పెద్దాయన. ముఖం ఆమె వైపే ఉంది కానీ కళ్ళు ఆమెను దాటి ఎటో ఉన్నాయి. ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. చూపు లేని కన్ను ఎలా నిలబడుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒంట్లో బాగుందా? బెల్ కొట్టవయ్యా. ఒక బెల్లంటే అవును, రెండంటే కాదు. మన లెక్క కూడా మర్చిపోయావా?"

ఆమెకు అర్థమైంది. తనకు తగిన నేస్తాన్ని ఆ మాట పెగలని మనిషి ఊరి చివర వెతుక్కున్నాడు. ఒక్క మాటైనా మాట్లాడకుండా రోజూ మాట్లాడుకునేవాడు.

చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. కానీ ఆయన్ని ఎలా ఉన్నావని ఎవరో అడుగుతున్నారు. ఊరంతటికీ పోయిన మనిషి ఈ ఒక్క గేటు ముందు ఇంకా పోలేదు. ఆమె బొటనవేలు దానంతటదే కదిలింది. ఒక బెల్లు.

"హమ్మయ్య," అన్నాడు పెద్దాయన.

ఇంటికొచ్చాక వదినకు పిల్లి అడ్డొచ్చిందని మాత్రం చెప్పింది.

ఆ తర్వాత రోజూ వెళ్ళేది. "మబ్బేసిందా?" అని అడిగేవాడు పెద్దాయన. టింగ్. "మా వీధిదీపం పగలు కూడా వెలుగుతూనే ఉందటగా?" టింగ్. "మా కోడలు పెట్టిన టీ తాగుతావా?" ఇది అడిగి తనే చెవి రిక్కించేవాడు. ఆమె రెండు కొడితే కడుపు పట్టుకుని నవ్వేవాడు. "తెలివైనవాడివి," అనేవాడు.

ఆమె ఊపిరి బిగబట్టుకునేది. చెప్పు పూర్తిగా నేలకు ఆనితే ఆడమనిషని తెలిసిపోతుందేమోనని ఒంటికాలి వేళ్ళ మీద నిలబడేది. గేటు దగ్గర సైకిల్ ఉండేది, బెల్లు ఉండేది, ఆయన ఉండేవాడు. ఆ కాసేపు తనే ఉండేది కాదు. వీధి చివరకు వచ్చి ఊపిరి వదిలాక, చేతులు చల్లబడిపోయి ఉండేవి. దుకాణంలో అద్దం బిగిస్తుంటే మధ్యాహ్నం దాకా ఆ చలి వదిలేది కాదు.

ఒక మంచు పొద్దున పెద్దాయన ప్రశ్నలేవీ వేయలేదు.

"నీకో సంగతి చెప్పాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా," అన్నాడు. "నువ్వు రావడం మానేశావే, ఆ రోజు. ఇక్కడే కూర్చున్నా. మలుపు దగ్గర దబ్బున పడిన చప్పుడైంది. మగమనిషి. ఊపిరాడక అవస్థ పడుతున్నాడు. కోడల్ని కేకేస్తే దానికి వినబడలేదు. నేను గేటు గడియ తడుముకుంటూ ఉండగానే కారేదో ఆగింది. ఎవరో దిగి, లేవండి, నన్ను పట్టుకోండి అంటున్నాడు. ఈ పడ్డాయన ఏమన్నాడో తెలుసా? సైకిల్‌కి తాళం వేశారా అన్నాడు."

పెద్దాయన నవ్వాడు.

"ప్రాణం పోతుంటే తాళం గొడవేంటయ్యా? ఆ కారతను, వేస్తానండీ మీరు మాట్లాడకండి అన్నాడు. వేశాడు. అప్పుడేమో ఈయన, లాగి చూడండి అంటాడు. పాపం అతను లాగి చూసి, గట్టిగానే పడిందండీ అని చెప్పాక గానీ కారెక్కలేదు."

ఆమె పక్కనే ఉన్న మలుపు వైపు తిరిగి చూసింది.

"సైకిల్ అనేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నువ్వేనేమో అనుకున్నా. నీ గొంతు నేనెప్పుడూ విన్లేదుగా, పోల్చుకోవడానికి. ఎవరో పోయారట అంది కోడలు. ఎన్నాళ్ళు నిద్ర పట్టలేదో. మళ్ళీ నీ బెల్ విన్నాక మనసు కుదుటపడింది. ఎవరో పాపం. నువ్వు కాదు, అది చాలు."

లాగి చూడు. పడుకునే ముందు తలుపు గడియ పెట్టి వస్తే, మంచం మీద నుంచి ఆయనది రోజూ అదే మాట. లాగి చూశావా? ఒక్కోసారి విసుగొచ్చి, చూడకుండానే చూశానని చెప్పేది. ఇప్పుడా గొంతు చెవి పక్కనే వినబడినట్టయింది. ఆమెకు నవ్వొచ్చింది. ఆయన పోయాక మొదటిసారి బయటికే నవ్వేసింది. నవ్వుగా మొదలైనది మధ్యలో ఇంకేదో అయిపోయింది.

పెద్దాయన మొహంలో రక్తం లేదు.

"ఎవరది?" అన్నాడు. "ఎవరమ్మా నువ్వు?"

ఆమె పెడల్ తొక్కింది. వెనక కుర్చీ పడిన చప్పుడు వినబడింది.

ఇంటికొచ్చి, ఆ రోజు వదినకు మొత్తం చెప్పింది. వదిన గ్లాసు కింద పెట్టి విన్నది.

"లాగి చూడమన్నాడా?"

"అన్నారట."

"ముక్కూమొహం తెలీనివాణ్ణి కూడా వదల్లేదన్నమాట," అంది వదిన. కళ్ళు తుడుచుకోవడానికి చాలాసేపే పట్టింది. తర్వాత గొంతు మార్చి, "ఆ ముసలాయన్ని అలా వదిలేసి ఎలా వచ్చావు? చూపులేని మనిషి. గేటు దగ్గర ఏముందనుకుంటాడు?" అంది.

మర్నాడు ఆమె సైకిల్‌ని నడిపించుకుంటూ వెళ్ళింది. కుర్చీ గోడకు చేరేసి ఉంది. గేటు దగ్గర మందపాటి కళ్ళజోడుతో కోడలు నిలబడి ఉంది.

"మీరేనా?" అంది కోడలు సైకిల్‌ని చూసి. "మా మామయ్యగారు నిన్నటి నుంచి ఏమీ ముట్టలేదండీ. ఎవరో చచ్చిపోయినాయన రోజూ సైకిల్ మీద వస్తున్నాడట. నిన్న ఆడగొంతుతో ఏడ్చాడట. మతి తప్పిందేమోనని హడలిపోయాం."

పెద్దాయన లోపలి గదిలో, కిటికీ మూసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తను ఎవరో చెప్పింది. పడిపోయింది ఎవరో చెప్పింది. బెల్ కొడుతున్నది ఎవరో చెప్పింది.

"సైకిల్ తెచ్చావా?" అన్నాడు చివరికి.

కోడలు, ఆమె కలిసి సైకిల్‌ని వసారాలోకి ఎక్కించారు. పెద్దాయన దాన్ని తడిమి చూశాడు. సీటు, హ్యాండిల్, రబ్బరు మీద గుంటలు. వంగిపోయిన ఎడమ పెడల్ దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది ఆ రోజుదేనా?"

"అవునండీ."

బెల్లు మీద అరచెయ్యి పెట్టాడు. కొట్టలేదు.

"ఎందుకు చేశావమ్మా ఈ పని?"

"ఎలా ఉన్నావని ఆయన్ని మీరొక్కరే అడిగారు," అంది ఆమె. "లేరని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

పెద్దాయన తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"నీకు మీ ఆయన ఎప్పుడో పోయాడు తల్లీ. నాకు ఇప్పుడు పోయాడు. ఇన్నాళ్ళూ మరి నేను ఎవరితో మాట్లాడాను?"

పెద్దాయన బెల్లు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఇక ఇటు రావద్దమ్మా," అన్నాడు. "కోపమొచ్చి అనట్లేదు. ఆ బెల్ వింటే నేను మళ్ళీ పలుకుతాను. నా సంగతి నాకు తెలుసు."

ఆ రోజే ఆమె సైకిల్ షాపులో బెల్లు మార్పించింది. సీటు దించమంది. మర్నాటి నుంచి ఊరికి అటు చివరన, కాలవ గట్టు మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ దారిలో సైకిల్‌ని గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. పాత బెల్లుని వదిన గుడ్డలో చుట్టి బీరువా కింది అరలో పెట్టింది.

చలికాలం వెళ్ళాక ఒక మధ్యాహ్నం, పెద్దాయన కోడలు కళ్ళజోడు పట్టుకుని దుకాణానికి వచ్చింది. ఒక పక్క కాడ ఊడిపోయింది. ఆమె బల్ల దగ్గర లైటు వేసి, చిన్న మర వెతుకుతూ, "మామయ్యగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"బాగానే తింటున్నారండీ. బయట మాత్రం కూర్చోరు. పొద్దున్నే కిటికీ దగ్గర ఉంటారు." కోడలు దుకాణంలో ఇంకెవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది. "బెల్ వినబడిందంటారు. వెళ్ళి చూసి రమ్మంటారు. మీరేమైనా మా వీధికి వస్తున్నారేమో అనుకున్నాను మొదట్లో."

"లేదండీ. ఆ బెల్లు తీయించేశాను."

"ఆ గరగర బెల్లేనంటారు. ముందు గరగరమని, కాస్త ఆగి మోగుతుందట." కోడలు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "కొన్నిసార్లు ఎవరో ఒకరు వెళ్తూ కనబడతారు. అదే చెప్తాను. ఒక్కోరోజు వెళ్ళి చూస్తే వీధిలో పురుగు కూడా ఉండదు. అప్పుడేం చెప్పమంటారు?"

ఆమె మర బిగించి, కాడ రెండుసార్లు మడిచి చూసి, అద్దాలు తుడిచింది. వేళ్ళు చల్లబడ్డాయి.

"పాలవాడని చెప్పండి," అంది.

కోడలు కళ్ళజోడు పెట్టుకుని, అద్దాల తలుపులోంచి ఎండలో ఉన్న వీధిని కాసేపు చూసింది.

"నేనూ అదే చెప్తున్నానండీ," అంది.