ఇంటి కూత

కొండ దిగిన రోజున అతని దగ్గర ఉన్నవి పాత గిటారు, తాను కట్టిన కొన్ని పాటలు, చలికి రాటుదేలిన గొంతు. వీటితోపాటు ఇంటి కూత ఒకటి. దాన్ని సరుకు కింద అతను లెక్కేసుకోలేదు.

ఆ కొండల్లో ఇంటికో కూత ఉంటుంది. మంచు కమ్మితే పక్కనున్న మనిషి కూడా కనబడడు. అప్పుడు ఇంట్లోవాళ్ళు గడపలో నిలబడి గొంతెత్తుతారు. మేకలూ మనుషులూ ఆ కూతను పట్టుకుని ఇల్లు చేరతారు. ఒకరి కూత ఇంకొకరు కూయరు. గడప దాటి ఎవరూ కూయరు.

పట్నంలో రికార్డింగు కంపెనీ యజమాని టీ తాగుతూ పాటలన్నీ విన్నాడు.

"బాగున్నాయి తమ్ముడూ. ఇలాంటివి నా గోడౌన్లో ఎలకలు కొరుక్కుతింటున్నాయి. ఇంకెక్కడా దొరకనిది ఏమన్నా ఉంటే చెప్పు."

అతను తటపటాయించి కూత కూశాడు. యజమాని గ్లాసు కింద పెట్టాడు.

ఆ సాయంత్రం తల్లికి ఫోను చేసి, కూతను పాటలో పెట్టి అమ్ముతారట అని చెప్పాడు.

"వద్దురా. కూత వినపడిందంటే అక్కడ ఇల్లుందని అర్థం. ఇల్లు లేనిచోట కూయకూడదు."

"ఎక్కడో పట్నంలో వింటారమ్మా. మనకేం పోతుంది?"

"మీ నాన్నకి చూపు ఆనట్లేదు. నేను పొద్దస్తమానం అరిచినా వినపడనట్టే ఉంటాడు గానీ, ఆ కూతకి మాత్రం ఎక్కడున్నా వచ్చేస్తాడు."

కొడుకు నవ్వాడు. తల్లి నవ్వలేదు.

కూతతో మొదలయ్యే పాట బయటికొచ్చింది. హోటళ్ళలో, మంగలి షాపుల్లో, బస్సుల్లో అదే పాట. అడిగినంత సొమ్ము దొరికింది. కొండ మీదికి రోడ్డు పడుతోందని తెలిసి, తన పాట అక్కడా వినిపిస్తుందని సంబరపడ్డాడు.

శీతాకాలంలో ఒక బస్సు మంచుకు కొండ మలుపులో ఆగిపోయింది. విసుక్కుంటున్న ప్రయాణికుల కోసం డ్రైవరు ఆ పాటే పెట్టి సౌండు పెంచాడు. మలుపుకు ఎగువన, లోయ అంచున, తండ్రి మేకలు కాస్తున్నాడు.

కబురందుకుని కొండెక్కిన అతనికి, ఆ రోజు తండ్రితో ఉన్న పొరుగింటి ముసలాయన ఎదురొచ్చాడు.

"'మావాడొచ్చాడోయ్, గడపలో నిలబడి పిలుస్తున్నాడు' అన్నాడయ్యా మీ నాన్న. ఆగరా, మీ ఇల్లు అటు కాదురా అంటున్నా వినలేదు. కుర్రాడిలా నడిచాడు. అటు లోయే కదా."

మర్నాడు పొద్దు వాలేసరికి మంచు దిగింది. మేకలింకా పైనే ఉన్నాయి. తల్లి గడపలో నిలబడి రేకు డబ్బాను కర్రతో కొడుతోంది. ఆ చప్పుడు ఎరగని మేకలు ఎక్కడివక్కడే అరుస్తున్నాయి.

"కూయొచ్చు కదమ్మా."

"ఇప్పుడది నీదిరా. నేను కూస్తే మీ యజమాని ఏమంటాడో."

ఆమె మళ్ళీ డబ్బా కొట్టింది.

మొత్తం మీద అతనికి మిగిలింది ఊరూరా పేరు, పట్నంలో వానకు కారని పైకప్పు. కొండ మీది ఇంటికి మిగిలింది రేకు డబ్బా.