ఇప్పచెట్టు కింద నిప్పు

తోటికోడలి పేరెత్తితే చాలు, బాలికి ఒళ్లు మండిపోయేది. భార్గవి ఆ తండాకు కోడలై వచ్చి రెండేళ్లు నిండలేదు, అప్పుడే బడిలో విద్యావాలంటీరు ఉద్యోగం సంపాదించింది. అంతవరకైతే బాలి ఎలాగో ఓర్చుకునేది. కానీ ఆ మహాతల్లి బాలి కన్నకూతురిని కూడా సంపాదించుకుంది. ఏడో తరగతి చదివే లాలికి పొద్దున లేస్తే చిన్నమ్మ, అన్నం ముందు కూర్చుంటే చిన్నమ్మ. అమ్మ అనే మనిషి రొట్టెలు కాల్చడానికి ఉంది.

ఆ ఏప్రిల్‌లో బడికి ఫైరింజన్ వచ్చి, నీళ్లెలా కొడతారో పిల్లలకు చూపించి వెళ్లింది. సాయంత్రం భార్గవి వాకిట్లో లాలిని కూర్చోబెట్టుకుని మళ్లీ అదే పాఠం. బాలి పొయ్యి ముందు వీపు తిప్పి కూర్చుంది.

"మోటరు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే ఏమైతది?" అడిగింది భార్గవి.

"నీళ్లు దూరం వడ్తయ్ చిన్నమ్మా."

"అవ్. వెనకనుంచి నీళ్లు తోసుకొస్తయ్, పోయే సందు చిన్నది. గందుకే ఉరుకుతయ్. ఫైరింజన్ పైపు మూతి గూడ గందుకే సన్నగుంటది. మరి తుంపర్లెందుకు? చాయ్ సాసర్ల పోస్తే జల్దీ చల్లారుతది గదా! పరుచుకుంటే గాలి ఎక్కువ తగులుతది. నీళ్లు గూడ గంతే. బిందెడు ఒక్కతాన గుమ్మరిస్తే జారిపోతయ్. గవే తుంపర్లయితే మంటకు అన్ని దిక్కుల తగిలి, వేడిని గుంజుకొని ఆవిరైతయ్. వేడి పోతే మంట బతకదు. గని కొట్టేది మంట మొదట్ల, నెత్తిన గాదు."

ఆ చివరి మాట వచ్చేసరికే లాలి కునికిపాట్లు పడుతోంది.

"చాయ్ చల్లార్చనీకి గూడ సదువు గావాల్నా," అని బాలి గొణిగింది. పెనం మీద రొట్టె మాడిపోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున, ఇప్పపూలు ఏరుకునేందుకు చెట్టుకింద ఆకులు ఊడ్వాలి, రమ్మంటే లాలి చిన్నమ్మ చెయ్యి పట్టుకుని బడికి వెళ్లిపోయింది. బాలి ఒక్కతే బయల్దేరింది. చెట్టుదాకా వెళ్లి చీపురు విసిరికొట్టింది. ఫారెస్టోళ్లు వద్దని ఎంత చెప్పినా, అందరూ చేసే పనే కదా అని ఆకులకు అగ్గిపుల్ల గీసింది. పూలు కనబడితే చాలు, ఎవరి సాయమూ అక్కర్లేదు.

గాలి తిరిగింది. మంట అడవి వైపు కాకుండా చెట్టు పక్కనే ఉన్న ఆమె మిర్చి కల్లం వైపు పాకింది. కల్లంలో ఎండుతున్నది ఏడాది కష్టమంతా.

బాలి కల్లం దగ్గరున్న నీళ్ల డ్రమ్ములో బిందె ముంచి మంట మీద గుమ్మరించింది. నీళ్లు ఆకుల సందుల్లోంచి నేలలో ఇంకిపోయాయి. మంట పక్కనుంచి ముందుకు నడిచింది. ఇంకో బిందె పోసినా అంతే. అప్పుడు, ఆమెకు అస్సలు గిట్టని ఆ గొంతు చెవిలో మాట్లాడింది. తుంపర్లయితే.

మిర్చికి మందు కొట్టే స్ప్రే ట్యాంకు కల్లం గుడిసెలో బోర్లించి ఉంది. నీళ్లు నింపి వీపుకెత్తుకుంది. చేతి పిడి ఆడిస్తే ట్యాంకులో గాలి బిగిసింది, నీళ్లు సన్నటి మూతిలోంచి తుంపర్లై ఎగజిమ్మాయి. వంగి మంట మొదట్లో కొట్టింది. బుస్సుమని ఆవిరి లేచింది. ట్యాంకు అయిపోతే మళ్లీ నింపింది. కల్లం అంచుకు వచ్చి మంట చచ్చింది.

పొగ చూసి బడి నుంచి భార్గవి, లాలి పరుగెత్తుకొచ్చారు. బాలి వంగి మంట మొదట్లో కొట్టడం దారిలోనే చూశారు.

"అమ్మా! అచ్చం చిన్నమ్మ చెప్పినట్టే ఆర్పినవ్!" అంది లాలి.

ఇక్కడా చిన్నమ్మే! మసిమొహంతో నిలబడ్డ బాలికి ఏడుపొచ్చింది.

"మొదట్ల కొట్టాలని నేను చెప్పిన ముచ్చట నీకు యాదికున్నదా లాలీ?" భార్గవి అడిగింది. లాలి తెల్లమొహం వేసింది. "ఎట్లుంటది, నిద్రవోతివి. వీపు తిప్పి కూసున్నా, మొత్తం ఇన్నది మీయమ్మ ఒక్కతే."

దొరికిపోయిన బాలికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి అగ్గెట్ల అంటుకున్నదే అమ్మా?"

"నేనే వెట్టిన," అంది బాలి. "నువ్వు నాతోని రాకపోతివని."

లాలి చెట్టుకిందికి నడిచింది. అమ్మ విసిరికొట్టిన చీపురు వెతికి తెచ్చి, కాలకుండా మిగిలిన ఆకులు ఊడ్వసాగింది. భార్గవి కూడా కొంగు బిగించి వంగబోతే బాలి అడ్డం నిలబడింది.

"నువ్వు బడికి పో. గిది మా తల్లీబిడ్డల పని."