వంటింటి తూర్పు గోడ

"పట్టపగలు లైటెందుకే?" అని మా ఆయన అడిగితే జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. మా వంటింట్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే తప్ప బియ్యంలో రాయి కనపడదు. నగరం నడిబొడ్డున, పాత బజారు వీధిలో, రెండు వందల ఏళ్ల నాటి ఇల్లు మాది. కాపాడాల్సిన కట్టడాల జాబితాలో ఉంది. అనుమతి లేకుండా మేకు కూడా కొట్టకూడదు. కాపురానికొచ్చిన ఏడాదే ఓ కిటికీ పెట్టించమన్నాను. "ఇంత పాత ఇంటికి కన్నం పెడతావా?" అని నవ్వారు. పదహారేళ్లలో ఎప్పుడడిగినా అదే మాట. ఇల్లు చూడవచ్చేవాళ్లకు మామగారు హాల్లో చెక్కిన స్తంభాలన్నీ ఒక్కొక్కటే చూపిస్తారు. వంటింటి దాకా వచ్చేసరికి, "లోపల చూడ్డానికేం లేదండీ" అంటారు. ఆ ఏమీ లేనిచోట పొద్దున్నించీ నేను నిలబడి ఉంటాను.

ఈ వానల్లో తూర్పు గోడ చెమ్మకి ఉబ్బింది. కట్టడాల శాఖ నుంచి ఇంజినీరమ్మ, ఓ ముసలి మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చింది. మేస్త్రి వేళ్ల కణుపులతో గోడని తట్టుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాడు. మళ్లీ తట్టాడు. డొల్ల శబ్దం. ఉలితో పెచ్చు ఊడదీస్తే సన్నటి పాత ఇటుకల కమాను, దాని కడుపునిండా ముతక ఇటుకలు.

"ఇక్కడ కిటికీ ఉండేదమ్మా," అన్నాడు.

"అవును, మా తాతగారు మూయించారు," మామగారు గొప్పగా చెప్పారు. "ఆడవాళ్లు సందులోకి కనపడుతున్నారని."

ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. గరిటె కింద పెట్టాను.

"అయితే మూయడమే తర్వాత చేసిన మార్పండి," అంది ఇంజినీరమ్మ. "తెరిస్తేనే ఇంటిని కాపాడినట్టు. చెమ్మా పోతుంది."

"ఆ దుమ్మెవరు భరిస్తారు? మళ్లీ పూత పూసేసి, వద్దన్నారని రాసుకోండి," అన్నారు మా ఆయన.

"తెరవాలన్నా, వద్దన్నా ఈ గది వాడేవాళ్ల సంతకం కావాలి. ఎవరు వాడతారు?"

చెయ్యి తుడుచుకుని కలం అందుకున్నాను.

ఐదోనాటికి చివరి ఇటుక ఊడి వచ్చింది. వెలుగు అలా వచ్చి పడుతుందనుకోలేదు. పొయ్యి మీదుగా, గిన్నెల మీదుగా, గుమ్మం దాకా. సందుకి అవతల మేడ నుదుటి పొడవునా రాతిలో చెక్కిన తీగ, ఆకు ఆకుకీ ఈనెలతో. ఇంత దగ్గర నిలబడి పదహారేళ్లు వండాను! కిటికీ అడుగున రాతిపలక మీద రెండు నున్నటి గుంటలు.

"చెక్కినవి కావమ్మా," అన్నాడు మేస్త్రి. "మోచేతులు ఆనించీ ఆనించీ అరిగాయి."

ఎంతమంది, ఎన్నేళ్లు నిలబడితే రాయి అరుగుతుంది? స్తంభాలను చెక్కడానికి ఉలి కావాల్సి వచ్చింది. ఈ రాతిని చెక్కింది పని మధ్య దొరికిన కాస్త తీరిక.

అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. నాకు ముందు ముప్ఫై ఏళ్లు ఇక్కడ వండిన మనిషి. మోచేతులు ఆ గుంటల్లో ఆనించి బయటికి వంగారు. "ఇన్నాళ్లూ ఇదంతా ఇక్కడే ఉందా!" అన్నారు. తర్వాత కాస్త జరిగి నాకు చోటిచ్చారు.

హాల్లోంచి మా ఆయన కేక: "వడ్డించావా?"

నేను కదలబోతే అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"నువ్వే పెట్టుకో నాయనా," అన్నారు, వెనక్కి తిరగకుండానే. "మేం కిటికీలో ఉన్నాం."