కల్నల్ పర్డమ్ గారి ఇరవయ్యో మనిషి

యుద్ధం ఎందుకు వచ్చిందో ఈ మధ్య ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు. పన్నుల వల్ల అనేవాళ్లున్నారు, పౌరుషం వల్ల అనేవాళ్లున్నారు, హక్కుల వల్ల అనేవాళ్లు మరీ ఎక్కువ. నాకు తెలిసినంతవరకు అది కల్నల్ పర్డమ్ గారి చూపుడు వేలి వల్ల వచ్చింది. ఆ వేలికి ఎదురుగా నిలబడ్డవాళ్లలో నేనొకణ్ని కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్పగలను.

పర్డమ్ గారు మా దొర. మిసిసిపీకి ఉత్తరపు కొసన, ఎర్రమట్టి గుట్టల మధ్య ఆయనకు పత్తి చేలు ఉండేవి. చేలూ, కంచర గాడిదలూ, పందులూ ఎలా ఆయనవో మేమూ అలాగే ఆయనవాళ్లం. కల్నల్ అన్నది ఎవడో సంతలో తాగి పిలిచిన పిలుపు. అప్పటిదాకా ఆయన చేసిన యుద్ధమల్లా బావమరిదితో, అదీ ఒక పంది చెవికి సొంతదారు గుర్తుగా పెట్టిన గాటు ఎవరిదన్న విషయం మీద. అందులో పందే గెలిచింది, అడవిలోకి పారిపోయి.

రాష్ట్రం దేశం నుంచి విడిపోవాలా వద్దా అని కోర్టు ముందు సభ పెట్టారు. మేం బండి పక్కన గుర్రాలు పట్టుకుని నిలబడ్డాం. దొరగారు పీపా ఎక్కి, పొద్దు వాలేదాకా దిగలేదు.

"మా హక్కు! మా హక్కు జోలికి ఎవడొస్తాడో రమ్మనండి!" అని అరిచి, చివరికి జేబులోంచి తెల్ల రుమాలు లాగి గాల్లో ఊపారు. "యుద్ధం వస్తుందని బెదిరిస్తున్నారు. రానివ్వండి! కారే నెత్తురంతా ఈ ఒక్క రుమాలుతో తుడిచి పారేస్తాను!"

జనం టోపీలు ఎగరేశారు. ఒక టోపీ మా గుర్రం మీద పడింది, గుర్రం దాన్ని తినేసింది.

ఇంటికొచ్చేటప్పుడు దుక్కి దున్నే జూబా బాబాయి వంటమనిషి కెజీయా అత్తను అడిగాడు. "ఏమొదినా, హక్కు హక్కు అని గొంతు చించుకున్నాడు గానీ, దేని మీద హక్కో చెప్పలేదేం?"

"నోటితో చెప్పలేదు" అంది కెజీయా అత్త. "హక్కు అన్నప్పుడల్లా ఆ వేలు ఎటు తిరిగిందో చూశావా? బండి వైపు. బండి దగ్గర ఉన్నదెవరు?"

జూబా బాబాయి వేళ్లు మడిచాడు. "గుర్రాలూ, మనమూ."

"గుర్రాల్ని ఎవరూ వదిలెయ్యమనడం లేదులే" అంది అత్త.

అలా రాష్ట్రం విడిపోయింది, యుద్ధం మొదలైంది. రుమాలు మాత్రం జేబు దాటలేదు. కెజీయా అత్త కూతురు తిర్జా దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చేది. దొరగారు దాన్ని మడత నలగకుండా పెట్టుకుని, ఊరి కుర్రాళ్లందరినీ సైన్యంలోకి సాగనంపి, ఇంటికొచ్చి భోంచేసేవారు.

రెండో ఏడు వచ్చేసరికి ఇష్టపడి పోయేవాళ్లు అయిపోయారు. ఇక పట్టుకుపోవడం మొదలుపెట్టారు. దొరగారికి ఆకలి మందగించింది. అప్పుడే ఆయన్ని బతికించడానికన్నట్టు ఒక చట్టం వచ్చింది. ఇరవై మంది బానిసలున్న చోట ఒక తెల్లదొర యుద్ధానికి పోనక్కర్లేదు, ఇంటిపట్టునే ఉండి వాళ్లని అదుపులో పెట్టాలి. మేం సరిగ్గా ఇరవై మందిమి.

ఆ రోజు నుంచి మా మీద ఆయనకు పుట్టుకొచ్చిన ప్రేమ చూడాలి! పొద్దున్నే గుడిసె గుడిసెకూ వచ్చి నాలుకలు చాపమనేవారు. ఎవరు తుమ్మినా దుప్పటి పట్టుకుని పరుగున వచ్చేవారు. మాలో పాంపీ తాత అని ఒక ముసలాయన ఉండేవాడు, తన వయసెంతో తనే మర్చిపోయినవాడు. ఆయనకు దొరగారు స్వయంగా కోడి పులుసు తాగించేవారు.

"అలిసిపోయాను దొరగారూ, ఇక పోతాను" అనేవాడు పాంపీ తాత.

"ఇప్పుడా? నీకేమైనా బుద్ధుందా తాతా! యుద్ధం అయ్యాక పో. ఎవరు వద్దన్నారు? ఇంకొక్క గుటక, నా మాట విను."

పాంపీ తాత మూలిగేవాడు, గుటక వేసేవాడు, దొరగారు వెళ్లగానే మాకు కన్నుకొట్టేవాడు. కోడి ఖరీదైపోయిన కాలంలో ఆయనకు బుగ్గలు వచ్చాయి.

అంతా బాగుందనుకుంటుండగా జూబా బాబాయి మాయమయ్యాడు. నీలం కోట్ల ఉత్తరాది సైన్యం కొరింత్‌లో దిగింది, అక్కడికి చేరినవాణ్ని ఎవరూ వెనక్కి పంపడం లేదు అని గాలివాటుగా కబురు వచ్చింది. బాబాయి నాగలిని సాలు మధ్యలోనే వదిలేసి వెళ్లాడు. దొరగారు ఆ నాగలి పక్కన కూర్చుని ఏడ్చారు. బాబాయి కోసం కాదు, పందొమ్మిది కోసం.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఈ ముక్క మాత్రం నవ్వుతూ రాయలేను. మర్నాడు తిర్జా ఇస్త్రీపెట్టె పొయ్యి మీదే వదిలేసి నా దగ్గరికి వచ్చింది. పత్తి ఏరడం అయ్యాక మేమిద్దరం చీపురు దాటి పెళ్లాడాలనుకున్నవాళ్లం; బానిసల పెళ్లిని చట్టం ఒప్పదు కాబట్టి, నేల మీద పెట్టిన చీపురు మీంచి కలిసి దూకడమే మా పెళ్లి.

"ఐసమ్, దొర దొరసానికి చెబుతుంటే విన్నా. నేను ఆ గదిలోనే ఉన్నా, కుర్చీ ఉన్నట్టు. టెక్సస్ బేరగాడు వస్తున్నాడంట. నన్నొక్కదాన్ని ఇస్తే ఇద్దరు ముసలాళ్లని ఇస్తాడంట. పందొమ్మిదిలో ఒకటి పోయి రెండొస్తే ఇరవై. లెక్క సరిపోద్ది అంటన్నాడు."

కెజీయా అత్తకు తిర్జా కంటే పెద్దవాళ్లు ఇద్దరు ఉండేవాళ్లు. వాళ్లను టెక్సస్ పంపారు. అటు వెళ్లినవాళ్ల కబురు ఎప్పుడూ రాలేదు. అత్త వంటింట్లో ఆ మాట విని, పిండి కలుపుతున్న చెయ్యి ఆపలేదు. ఆ పూట రొట్టెల్లో మాత్రం ఉప్పు లేదు.

నేను తిన్నగా దొరగారి దగ్గరికి వెళ్లాను. సైన్యంలోకి మనుషుల్ని పట్టే కెప్టెన్ ట్రిగ్ గారు మా ఇంటికి తలలు లెక్కపెట్టడానికి వస్తున్నారనీ, బేరగాడికంటే ముందే వస్తున్నారనీ అప్పటికే తెలుసు. దొరగారు వరండాలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నారు.

"దొరగారూ, ఆ కెప్టెన్‌కి ఇరవై తలలు కనిపిస్తే తిర్జాని మార్చక్కర్లేదు కదండీ?"

"కనిపిస్తే ఎందుకు మారుస్తానురా? ఇరవయ్యోవాడేడీ?"

"నేనుంటానండీ."

"నువ్వు ఉన్నావు కదరా వెధవా!"

"ఇంకోసారి ఉంటానండీ."

ఆ మాట ఆయన బుర్రలోకి ఇంకడానికి చాలాసేపు పట్టింది. ఇంకాక మొహం వెలిగిపోయింది. అయితే ఆయనకు ఒక జబ్బు ఉండేది. ఒక మందు పనిచేస్తుందని తెలిస్తే, దాని మీద ఇంకో మందు కూడా వేసుకునేవారు. "కెజీయా! పీచ్ పళ్ల సారా ఎంతుంది?" అని కేక వేశారు. "కెప్టెన్ కళ్లు కాస్త మసకబారితే ఇంకా మంచిది."

"ఉందండీ" అంది అత్త. "కాస్త మసకబారాలా, బాగా మసకబారాలా?"

"నీ ఇష్టం."

అత్త ఇష్టానికి వదిలెయ్యడమే ఆయన చేసిన తప్పు.

కెప్టెన్ ట్రిగ్ గారు కంచర గాడిద మీద వచ్చారు. మనిషి లావు, గాడిద సన్నం. దిగుతుంటే ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. యుద్ధకాలం కదా, కాఫీ అంటే మాడ్చిన చిలగడదుంపల కషాయం. అది కాకుండా పీచ్ సారా అనేసరికి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. అత్త గ్లాసు ఖాళీ కానివ్వలేదు. దొరగారేమో మర్యాద కొద్దీ ఇంకా పొయ్యమన్నారు.

అప్పుడు మమ్మల్ని వరండా ముందు నుంచి నడిపించారు. నేను మొదట్లోనే గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లి, మాంసానికి పొగపెట్టే పొగగది వెనక నుంచి తిరిగొచ్చి, తిర్జా పాత గౌను తొడుక్కుని, ఆడవాళ్ల ఎండటోపీ ముక్కుదాకా లాక్కుని చివర్న వచ్చాను.

"ఈ పిల్ల మరీ పొడుగ్గా ఉందే!" అన్నారు కెప్టెన్ గారు. "పేరేంటమ్మా?"

"హెప్సీ అండీ" అన్నాను గొంతు సన్నం చేసి.

"ఇద్దరూ ఒకేసారి చెప్పకండి. ఒక్కొక్కళ్లు చెప్పండి" అన్నారాయన.

వరండాలో దొరగారి చిరునవ్వు అక్కడే గడ్డకట్టింది. కెప్టెన్ గారికి అప్పటికే గాడిదలు రెండు, పొగగదులు రెండు, దొరగార్లు ఇద్దరు. ఆయన వేళ్ల మీద మొదటి నుంచీ కూడుకుని, "నలభై! భేష్ పర్డమ్, నీకు మినహాయింపు ఇచ్చేశా" అని కాగితం రాసిచ్చారు. దొరగారు లేచి ఆయన చేతులు రెండూ పట్టుకున్నారు. కెప్టెన్ గారు నాలుగు చేతులకీ షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి కిందపడ్డారు. (ఇక్కడిదాకా చదివి వినిపిస్తే, ఆయన పడలేదు, తూలాడంతే అంటుంది తిర్జా. ఆమె వరసలో నడిచి వెళ్లి వంటింటి కిటికీలోంచి చూసింది, నేను టోపీలోంచి చూశాను. టోపీలోంచి పడినట్టే కనిపించింది.)

"ఇంకో మాట" అన్నారు కెప్టెన్ గారు, లేచి దుమ్ము దులుపుకుంటూ. "విక్స్‌బర్గ్ కోటకి మట్టి పనివాళ్లు కావాలి. ఆడవాళ్లయినా సరే, తట్టలు మోస్తారు. ఎక్కువమంది ఉన్నచోట సగం మందిని తెమ్మని జనరల్ గారి హుకుం. నలభైలో సగం ఇరవై. సోమవారం పొద్దున్నకల్లా నీ బండిలోనే పంపించు. పంపకపోతే నిన్ను పంపుతా."

ఆయన గాడిదెక్కారు. మొదట లేని గాడిదని ఎక్కబోయారు, తరవాత ఉన్నదాన్ని ఎక్కారు.

దొరగారు మెట్ల మీద కూలబడ్డారు. నలభై మంది లేరని చెబితే అబద్ధమాడినందుకు జైలు, ఆ తరవాత సైన్యం. ఉన్నారని అంటే ఇరవై మందిని పంపాలి, ఉన్నది పందొమ్మిది.

"ఇరవయ్యోవాణ్ని ఎక్కణ్నుంచి తెచ్చేది?" అన్నారు నా వైపు చూస్తూ.

"ఇంకోసారి వెళతానులెండి" అన్నాను.

"మరి ఇక్కడ ఇంకెవరుంటారు?"

"కెప్టెన్ గారి కాగితంలో ఇంకో ఇరవై మంది ఉన్నారు కదండీ" అంది కెజీయా అత్త. "వాళ్లకి తిండి ఖర్చు కూడా ఉండదు. దారి చీటీ రాయండి దొరగారూ. చీటీ లేకపోతే గస్తీవాళ్లు మమ్మల్ని పట్టుకుంటారు, మీ ఇరవై కోటకి చేరదు, మిమ్మల్నే తీసుకుపోతారు."

దొరగారు కలం తీసుకున్నారు. 'వీళ్లు ఇరవై మంది నా మనుషులు' అని రాశారు. 'బండితో సహా' అని రాశారు. తరవాత కలం ఆగిపోయింది. పెదవులు కదిలించారు, పైకి చూశారు, దొరసానిని కేకేసి అడిగారు. ఆవిడ, "నాకెలా తెలుస్తుంది, మా నాన్నగారు ఆ ఊరు ఎప్పుడూ వెళ్లలేదండీ" అంది. పీపా ఎక్కి పొద్దు వాలేదాకా మాట్లాడగలిగిన మనిషికి విక్స్‌బర్గ్ అని రాయడం రాదు. మా ముందు ఆ మాట ఒప్పుకోలేక, 'కోట పనికి వెళుతున్నారు, దారి వదలండి' అని గబగబా రాసి సంతకం పెట్టి పారేశారు.

సోమవారం పొద్దున పాంపీ తాతని పరుపుతో సహా బండెక్కించి బయలుదేరాం. విక్స్‌బర్గ్ నైరుతి మూల. కొరింత్ ఈశాన్యం మూల. నాలుగు దారుల కూడలి దాకా బుద్ధిగా వెళ్లి, అక్కడ బండిని కుడివైపుకు తిప్పాం. పది అడుగులు వేశామో లేదో గస్తీ రౌతు ఎదురయ్యాడు. చీటీ తీసుకుని ముందు తలకిందులుగా చదివాడు, తరవాత సరిగ్గా తిప్పి, అంతకంటే నెమ్మదిగా చదివాడు.

"ఇరవై మంది అని ఉంది."

"లెక్కపెట్టుకోండి బాబూ" అంది అత్త. ఆయన బండి చుట్టూ గుర్రాన్ని నడిపిస్తూ లెక్కపెట్టాడు. నేను ఆయనకంటే ఒక అడుగు ముందే బండి చుట్టూ నడిచి, అవతలి వైపు ఎండటోపీతో కనిపించాను. ఇరవై సరిపోయింది.

"కోట అటు కదే, ఇటు పోతున్నారేం?"

"ఏ కోటో దొరగారు రాయలేదు బాబూ. మాకు చదువు రాదు. చీటీలో ఎటని ఉందో మీరే చెప్పండి, అటే పోతాం."

రౌతు ఇంకోసారి చూశాడు. ఎటని లేదు. ఈ వైపు కూడా కోటలున్నాయని ఆయన విన్నాడు; ఎవరివన్నది గుర్తు రాలేదు కాబోలు. "సరే పోండి. ఆ ముసలాయన ఏం తవ్వుతాడు?"

"వీళ్లకి తవ్వడం నేర్పుతా" అన్నాడు పాంపీ తాత పరుపు మీంచి.

కొరింత్‌లో జూబా బాబాయి మా బండిని దూరం నుంచే గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చాడు. "అందరూ వచ్చేశారా! దొర ఏమైపోతాడు వదినా?"

"ఆయన ఇప్పుడు స్వతంత్రుడు. ఎటైనా పోవచ్చు" అంది అత్త.

అక్కడ తిర్జా సైన్యం బట్టలు ఉతికే పనిలో చేరింది. మేం చీపురు దాటాం. పాదిరిగారు కాగితం మీద కూడా రాశారు. మరుసటి ఏడు నల్లవాళ్లతో దండు కడుతుంటే నీలం కోటు తొడుక్కున్నాను. ఈసారి ఒక్కసారే లెక్కలోకి వచ్చాను.

ఒకనాడు మధ్యాహ్నం బందీల వరస ఒకటి వస్తే కాపలాకు నిలబడ్డాను. వరస చివర్న, గడ్డం మాసి, ఒక కాలికే బూటున్న మనిషి చేతిలో ఏదో గుడ్డ ఊపుతూ వస్తున్నాడు. లొంగిపోయినప్పుడు ఎత్తిన గుడ్డ, దించితే ఎవరైనా కాలుస్తారేమోనని ఇంకా దించలేదు. ఒకప్పుడు అది తెల్ల రుమాలు.

"ఐసమ్?" అన్నారాయన కళ్లు చికిలించి. "నువ్వు ఐసమ్‌వి కదూ?"

"మొదటివాణ్నా, రెండోవాణ్నా దొరగారూ?"

ఆయన నవ్వబోయి దగ్గారు. అంతలో చాకిరేవు నుంచి తిర్జా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన మొహం చూడలేదు. రుమాలు వైపు చూసింది, అటు తిప్పీ ఇటు తిప్పీ. పీపా మీద నిలబడి నెత్తురంతా దీనితోనే తుడుస్తానన్న రుమాలు. అందులో నెత్తురు చుక్క లేదు. బురద, పులుసు మరకలు, ముక్కు చీమిడి.

"తిర్జా..." అన్నారు దొరగారు, రుమాలు ముందుకు చాపుతూ. అలవాటు.

తిర్జా తీసుకోలేదు. రేవు వైపు చెయ్యి చూపించింది.

"తొట్టి అక్కడుంది. సబ్బు గట్టు మీదుంది" అంది. "నానబెట్టాకే రుద్దండి. లేకపోతే మరక పోదు."