తామ్ పెద్దమ్మ బానలో నీళ్ళు

తామ్ పెద్దమ్మ పాలు మూడోసారి విరిగిన పొద్దున నేను కాగితం, కలం తీశాను.

ఆవు పాలు కాదు, సోయా పాలు. మా కాలవ గట్టున ముప్పై ఏళ్ళుగా ఆమె చేసేది అదొక్కటే. గింజలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, కాచి, పాలు గడ్డకట్టడానికి అడుగున జిప్సం పొడి కలిపి ఉంచిన కుండలోకి ఎత్తు నుంచి ఒక్క పోటున పోస్తుంది. మూత పెట్టి, ఎవరూ కదపకుండా పక్కనే కూచుంటుంది. కాసేపటికి లేత జున్ను. దాని మీద అల్లం బెల్లం పాకం, ఇన్ని కొబ్బరి పాలు. చెంచా తగిలితే వణకాలి, విరగకూడదు. అదీ ఆమె పనితనం.

ఈసారి అంతదాకా పోనే లేదు. పొయ్యి మీదే పాలు పలుకులు పలుకులుగా విరిగి, పైన పచ్చటి నీళ్ళు తేలాయి. గింజలు మార్చింది. గిన్నె మార్చింది. చివరికి కట్టెలు కూడా మార్చింది, పిచ్చిది. మూడుసార్లూ పందులకు పోసింది.

చాంద్రమాన రెండో నెల పదహారున ఊరి దేవుడి మండపంలో శాంతి పండగ. ఆ రోజు ఊరందరికీ తామ్ పెద్దమ్మ జున్నే. పండగ ఇంక నాలుగు రోజులుంది. మండపం పెద్ద హై తాత వచ్చి గుమ్మం బయటే నిలబడి, పండగ ముందురోజుకి జున్ను నిలవకపోతే పట్నం నుంచి ప్యాకెట్లు తెప్పిస్తానని చెప్పి వెళ్ళాడు. మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే ఆమెను కోసింది. ప్యాకెట్ జున్ను ఒక్క ఏడాది మండపం మెట్లెక్కిందంటే మళ్ళీ దిగదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, తాతకి తెలుసు, నాకూ తెలుసు.

మారిందల్లా నీళ్ళు. వానాకాలమంతా ఆమె చూరు కింది బానల్లో పట్టిన వాన నీళ్ళతోనే కాస్తుంది. ఎండలు ముదిరి బానలు అడుగంటాక కాలవ నీళ్ళు తెచ్చి, పటిక తిప్పి, తేరాక వాడుతుంది. ఈ ఏడు సముద్రం ఉప్పు హౌ నదిలోకి బాగా ఎగబాకిందని లాకులు ముందే మూసేశారు. కాలవ నిలవబడి కంపు కొట్టింది. దాంతో పెద్దమ్మ బానలోకి మొదటిసారి కుళాయి నీళ్ళు పట్టింది.

ఆ కుళాయి తెప్పించింది నేను. పైపు పెద్ద రోడ్డు దాకా వచ్చి ఆగిపోతే, గట్టు మీది వాళ్ళు మనుషులు కారా అని రెండేళ్ళు నీళ్ళ స్టేషన్ మెట్ల మీద కూచుని, నూట నాలుగు వేలిముద్రలు కూడబెట్టి తెప్పించాను. ఇప్పుడు ఆ గట్టంతా నన్ను చూసి మూతి తిప్పుతోంది. టీ రంగు చచ్చిపోతోందట. సబ్బు నురగ రావట్లేదట. నా పేరెత్తి, ఊత్ నోరెంత గట్టిదో ఆవిడ తెచ్చిన నీళ్ళూ అంత గట్టివని రేవులో నవ్వుకున్నారట. నవ్వనీ. తామ్ పెద్దమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు నిద్ర లేకుండా చేసింది.

సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళకి పాలు విరుగుతాయి. నీళ్ళు గట్టివో మెత్తనివో తేల్చడానికి చదువు అక్కర్లేదు. సీసాలో నీళ్ళు పోసి, చిటికెడు సబ్బు తురుము వేసి, ఇరవైసార్లు ఊపాలి. నురగ నిలిస్తే మెత్తనివి. విరిగి తరకలు కడితే గట్టివి. ఎక్కడో పాత కరపత్రంలో చదివి నేర్చుకున్నాను. పదకొండు ఇళ్ళ నుంచి నీళ్ళు తెచ్చి ఊపాను. తొమ్మిది సీసాల్లో తరకలు. ఇంకేం, దొరికారు అనుకున్నాను. ఎండాకాలం నదిలో నీళ్ళు చాలక స్టేషన్ వాళ్ళు లోతు బోరు నీళ్ళు కలుపుతున్నారు, అది ఆపాలని మొదటి డిమాండ్ రాశాను. నీటి పరీక్షల అంకెలు నెలనెలా రేవులో అందరికీ కనపడేలా రాయాలని రెండోది. మధ్యాహ్నానికి ఎనభై వేలిముద్రలు పడ్డాయి. సాయంత్రం తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చాను.

మర్నాడే స్టేషన్ నుంచి కియెట్ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, చేతిలో చిన్న పెట్టె, దాని మీద నా కాగితం. తిన్నగా తామ్ పెద్దమ్మ వంటింటికి తీసుకెళ్ళాను. కుళాయి కింద గాజు గొట్టం పట్టి, ఏదో పొడి వేశాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. చుక్కల మందు పోస్తూ లెక్కపెట్టాడు. ఆ ఎరుపు నీలం కావడానికి ఎన్ని చుక్కలు పడితే నీళ్ళు అంత గట్టివట. ఐదో చుక్కకే నీలమైంది.

"మెత్తని నీళ్ళే అక్కా," అన్నాడు.

"నువ్వు కుళాయి కింద కొలిచావు తమ్ముడూ. ఆవిడ పాలు కాచేది బానలోంచి," అన్నాను.

బానలోంచి ముంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఐదు చుక్కలు, పది, ఇరవై. ఎరుపు ఎరుపుగానే ఉంది. గొట్టం కుదిపాడు, వెలుగుకి పట్టి చూశాడు, నుదురు తుడుచుకున్నాడు. నాకు లోపల పండగలా ఉంది. రాసుకో, నీ చేత్తోనే రాసుకో అన్నాను. అతను నా మాట పట్టించుకోకుండా, బానలో ఏమన్నా కలిపారా అని తామ్ పెద్దమ్మని అడిగాడు. ఏమీ కలపలేదంది. కుళాయి నీళ్ళేనా అంటే, పొద్దున పట్టినవే అంది. ఆమె జన్మలో అబద్ధమాడలేదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఒకటే నీళ్ళు. కుళాయి దగ్గర ఒకలా, రెండడుగుల అవతల బానలో ఇంకోలా. మేమిద్దరం వాదించుకుంటుంటే, ఇంటికొచ్చినవాడికి టీ అన్నా ఇవ్వాలని ఆమె లేచింది. బాన తగ్గిందని కుళాయి గొట్టం అందులోకి పెట్టింది. నీకు పెళ్ళయిందా నాయనా అని కియెట్‌ని అడుగుతూ, గోడకి వేలాడే వెదురు కర్ర తీసి బానలో గిరగిరా తిప్పసాగింది.

కియెట్ గాజు గొట్టం కింద పెట్టాడు. ఆ కర్ర కేసే చూస్తున్నాడు.

"పెద్దమ్మా, ఆ కర్ర చివర ఏంటది?"

"పటిక నాయనా. నీళ్ళు తేరొద్దా?"

"ఇందాక ఏమీ కలపలేదన్నారు కదా."

"పటిక కలపడమేంటి? బాన అన్నాక పటిక తిప్పరూ? మీ అమ్మ తిప్పదూ?"

అతను గొంతుక్కూచున్నాడు. నెమ్మదిగా, తల్లికి చెప్పినట్టే చెప్పాడు. కాలవ నీళ్ళలో మట్టి ఉంటుంది, పటిక ఆ మట్టిని పట్టుకుని అడుక్కి పోతుంది. నది నీళ్ళకి ఆ పని స్టేషన్లోనే చేసి పంపుతున్నారు. తేరిన నీళ్ళలో మళ్ళీ పటిక తిప్పితే దానికి పట్టుకోడానికి మట్టి దొరకదు, నీళ్ళలోనే మిగిలి సబ్బునీ, తన చుక్కల మందునీ పట్టుకుంటుంది.

తామ్ పెద్దమ్మ కర్ర పైకెత్తి, చివర అరిగిన పటిక ముక్కని చూసింది.

"మట్టి దొరక్క నా పాలని పట్టుకుందన్నమాట," అంది. "నీళ్ళు నాలిక్కి పుల్లగా తగుల్తూనే ఉన్నాయి. కుళాయి పులుపేమో అనుకున్నా."

నేను మా ఇంటికి పోయి చూశాను. మా బాన పక్క గోడకీ వెదురు కర్ర వేలాడుతోంది. మా అమ్మ చేసిన కర్ర. నా చేత్తో నేనే రోజూ తిప్పుతున్నాను. నురగ నిలిచిన ఆ రెండు సీసాలూ బానల్లేని కొత్త కాపురాలవి. అది నా కళ్ళెదుటే ఉంది. స్టేషన్ వాళ్ళని పట్టుకోవాలన్న ఆత్రంలో చూడలేదు. కోపం మంచిదే. కానీ దానికీ పట్టుకోడానికి ఏదైనా ఉండాలి. లేకపోతే ఎదురైనవాడినల్లా పట్టుకుంటుంది.

తిరిగొచ్చి కాగితంలో మొదటి డిమాండ్ కొట్టేశాను. తప్పు నాదేనని పక్కన రాసి వేలిముద్ర వేశాను. రెండోది ఉంచాను. అంకెలు రేవులో ఉండి ఉంటే గట్టంతా నెల రోజులు నన్నూ స్టేషన్‌నీ తిట్టుకునే పని ఉండేది కాదు. ఆ కాగితం కింద తన వేలిముద్ర కూడా వేస్తానన్నాడు కియెట్. నువ్వు సంతకం పెట్టు, వేలిముద్రలు మావి అన్నాను. పెట్టాడు.

మిగతా ఇళ్ళకి నేనే తిరిగి చెప్పాను. నీళ్ళు తేవడం నీవంతే, తిట్టించడం నీవంతే అని ఒకావిడ నవ్వింది. నవ్వే హక్కుంది ఆవిడకి.

ఆ సాయంత్రం తామ్ పెద్దమ్మ బాన మూడుసార్లు కడిగింది. కుళాయి నీళ్ళు పట్టి, క్లోరిన్ మందు వాసన పోయేదాకా మూత తీసి ఉంచింది. మర్నాడు పాలు పొయ్యి మీద పొంగాయి, విరగలేదు. ఎత్తు నుంచి పోసి, మూత పెట్టి, పక్కన కూచుంది. నేనూ కూచున్నాను. మూత తీసేసరికి కుండ నిండా ఒకే ముద్ద, అద్దంలా. పండగ ముందురోజు హై తాత వచ్చి, ఈసారి లోపలికే వచ్చి, చెంచా వెనకవైపుతో మెల్లగా తట్టాడు. జున్ను వణికింది. ప్యాకెట్ల ఊసెత్తకుండా, ఎన్ని కుండలు మోయించాలో అడిగాడు.

పండగనాడు మండపం ముందు జనం గిన్నెలతో బారు తీరారు. అప్పటికే రేవులో నల్లబల్ల వెలిసింది. కాఠిన్యం ఇంత, ఉప్పు ఇంత, తేట ఇంత అని కియెట్ సుద్దముక్కతో రాసి పోయాడు. చదవడం రానివాళ్ళకి నేను చదివి పెడుతున్నాను. తామ్ పెద్దమ్మ నన్ను పిలిచి మొదటి గిన్నె చేతిలో పెట్టింది. పాకం ఎక్కువే పోసింది.

"తిను ఊతూ. నోరు ఖాళీగా ఉంటే మళ్ళీ ఇంకో కాగితం రాస్తావు."

తిన్నాను. రెండో గిన్నె కూడా తిన్నాను.

ఆమె ఇప్పటికీ బాన నింపగానే గోడ మీది కర్ర తీసి ఏడుసార్లు తిప్పుతుంది. కర్ర చివర పటిక లేదు. ఉట్టి వెదురే. ఎందుకు పెద్దమ్మా అంటే, తిప్పకపోతే చెయ్యి ఊరుకోవట్లేదే అంటుంది.