అరచేతిలో పిస్టన్

బొగ్గులైపోతే ఆ ఇంట్లో ఎవరూ బజారుకి పరిగెత్తరు. నలువోగాకి కోపం తెప్పిస్తారు.

కోపమొస్తే ఆ పిల్ల అరచేతులు కాలతాయి. పుట్టినప్పట్నుంచీ అంతే, బుసీకా ఊళ్ళో అందరికీ తెలిసిందే. పొద్దున్నే అమ్మ టీ గిన్నె తెచ్చి ఆమె చేతుల్లో పెట్టేది. అన్న కవూయా గుమ్మానికి ఆనుకుని ఓ మాట విసిరేవాడు.

"హెల్మెట్ తీయకే. ఆ మొహానికి అదే నయం."

నీళ్ళు సలసలా మరిగేవి. అరటికాయలు కూడా అలాగే ఉడికేవి.

ఆ గురువారం మాత్రం ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. కవూయా ఆమె బండిని తోసుకుంటూ వచ్చాడు.

"ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించానే. దండం పెట్టుకో."

"టూటీ ఆయిల్ కలిపావా?"

"అదేంటి?"

నలువోగా కిక్కు తొక్కింది. రాయి తొక్కినట్టుంది. మట్టిలో ఎగిరి దూకే చిన్న బండి అది, అసలే రింగులు అరిగి దమ్ము తగ్గింది. పెట్రోల్లో ఆయిల్ లేకపోతే తన రక్తం తనే తాగుతుంది. హెడ్ విప్పింది, సిలిండర్ లాగింది. పిస్టన్ పక్కన పిల్లి గీరినట్టు గాట్లు.

అమ్మ తొంగిచూసి నిట్టూర్చింది.

"ఆదివారం బళ్ళ పోటీలో నడిపితే క్లబ్బువాళ్ళు తీసుకుంటారన్నావని మీ అత్తని ఆపాను. ఇంక ఏం చెప్పి ఆపను? శనివారం వస్తోంది. జింజాలో తన హోటల్‌కి తీసుకెళ్తుందట. నువ్వుంటే బొగ్గులు కొనక్కర్లేదుగా."

"నేను పొయ్యినా?"

"మేనత్త అడిగితే ఆడపిల్లని కాదంటామా?"

 నలువోగా చేతిలో రెంచి ఎర్రబడింది.

మర్నాడు సిలిండర్ సంచిలో వేసుకుని కంపాలా పోయి, గీతలు పోయేలా లోపల అరగదీయించి బోరు చేయించింది. దానికి సరిపోయే పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు తెచ్చింది. పెరట్లో గోనెపట్టా పరిచి కూర్చుంది. అన్నీ కుదిరాయి. పిస్టన్‌ని రాడ్డుకి పట్టించే పిన్ను మాత్రం సగం దూరి మొండికేసింది.

"సుత్తితో నాలుగు వెయ్యి," అన్నాడు కవూయా.

"రాడ్డు వంగుతుంది, గాడిదా. పిస్టన్‌ వేడెక్కాలి."

పిస్టన్‌ని అరచేతుల మధ్య పట్టుకుంది. చల్లగా ఉన్నాయి చేతులు. పనిలో పడితే కోపం ఎటో పోతుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఇంట్లో చూస్తే బొగ్గు ముక్క లేదు.

"అన్నా, ఏదన్నా అను."

"హెల్మెట్ తీయకే."

"ఇంకా."

వాడు పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు నేల గీకాడు.

"ఆయిల్ సంగతి నాకు తెలుసే. అత్త ముందు నన్నే రమ్మంది, పొయ్యి ఊదడానికి. మగాణ్ణి, ఆ పొగలో నేనేం చస్తాను? బండి పాడైతే నిన్నే తీసుకెళ్తుంది కదా అని..."

నలువోగా తిట్టలేదు. కొట్టలేదు. గోనెపట్టా అంచు నల్లగా కమిలింది. గట్టుమీది కోళ్ళు దూరంగా జరిగాయి. ఇన్నేళ్ళూ టీలకీ అరటికాయలకీ పోసిన కోపం, ఇంకా పోయకుండా దాచిన కోపం, అంతా ఆ గుప్పెడు అల్యూమినియంలోకి దిగింది. పిన్ను వెన్నలో వేలు దిగినట్టు దిగింది.

పిస్టన్ మీది బాణం గుర్తుని సైలెన్సర్ వైపు తిప్పి, రింగులు నొక్కి, సిలిండర్ దించింది. హెడ్ బిగించింది. ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి కిక్కు కొట్టింది. అంటుకుంది. కొత్త పిస్టన్‌ని ఒక్కసారే బాదకూడదు. వేడెక్కనిచ్చి ఆపింది, చల్లారాక మళ్ళీ లేపింది. ఇంజిన్ చల్లారిన ప్రతిసారీ ఆమె చేతులు ఇంకాస్త చల్లబడ్డాయి.

శనివారం అత్త వచ్చింది. కోడిగుడ్డు తీసి మేనకోడలి అరచేతిలో పెట్టింది.

"ఒరే, దీన్ని ఏదన్నా అనరా."

కవూయా అన్నాడు. హెల్మెట్, మొహం, నడక, అన్నీ అన్నాడు. అత్త గుడ్డు పగలగొట్టింది. పచ్చిసొన జారి నేలమీద పడింది.

"చల్లారిపోయింది," అంది అత్త విసుగ్గా. "దీన్ని నేనేం చేసుకోను?" ఆమె కళ్ళు కవూయా మీదకి తిరిగాయి. "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా? సంచి సర్దు."

"అమ్మా!"

అమ్మ చెప్పులేసుకుంది. బొగ్గులకి బజారుకి బయల్దేరింది.

ఆదివారం పోటీ మొదలయ్యే గీత దగ్గర బళ్ళన్నీ గుర్రుమంటుంటే నలువోగా చేతులు మంచురాళ్ళలా ఉన్నాయి. కోపం ఎక్కడికీ పోలేదు. ఆమె కాళ్ళ మధ్య, సిలిండర్‌లో, పైకీ కిందకీ కొట్టుకుంటోంది. జెండా లేచింది.