పదిహేడో షరతు

ఉదయగిరికీ ఆత్మకూరుకీ నడుమ ఒక చిన్న కోర్టు ఉండేది. ఏ ఊళ్ళోదో చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళకు కోపం, చెప్పకపోతే పక్క ఊళ్ళవాళ్ళకు అనుమానం. రెండింట్లో అనుమానమే నయం. ఆ కోర్టులో డేవిడ్‌రాజు హెడ్ క్లర్కు. బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద కూడా కావడంతో అబద్ధం ఆడడు, రాయడు. కోర్టులో పనిచేస్తూ ఇట్లాంటి అలవాటు పెట్టుకున్న మనిషికి రోజులు ఎంత ఇరుకుగా గడుస్తాయో మీరే ఊహించుకోవచ్చు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో పైనుంచి ఒక సర్కులరు వచ్చింది. కోర్టుల్లో కంప్యూటర్లు పెడతారట. ఆ పని పట్టే కాంట్రాక్టరు ఎట్లాంటివాడై ఉండాలో, వాడు తెచ్చే యంత్రం ఏమేం చెయ్యాలో ఏ కోర్టుకు ఆ కోర్టు పది రోజుల్లో రాసి పంపాలట. కోర్టు జడ్జి మునసబుగారు దాన్ని రెండుసార్లు చదివి, డేవిడ్‌రాజు చేతిరాత గుండ్రంగా ఉంటుందని మెచ్చుకుని, కాగితం ఆయన చేతిలో పెట్టి భోజనానికి వెళ్ళిపోయారు.

డేవిడ్‌రాజు కంప్యూటరును ఒక్కసారే చూశాడు, నెల్లూరు రైల్వే స్టేషనులో, అద్దం అవతల. అదీ వీపు వైపు నుంచి. ఇక కాంట్రాక్టరు షరతులంటారా, ఇన్నేళ్ళ ఉద్యోగంలో అవి రాసింది కూడా ఒక్కసారే, తొంభై రెండులో కోర్టుకు సున్నం కొట్టించినప్పుడు. కోర్టువాళ్ళకు ఒక పద్ధతి ఉంది. కొత్త కాగితం ఏదీ కొత్తగా రాయరు. పాతది బయటికి తీసి పేరు మారుస్తారు. ఆయన కూడా ఆ సున్నం టెండరు కాగితాలు తీసి, దుమ్ము దులిపి, సున్నం అన్న చోటల్లా కంప్యూటరు అని పెట్టుకుంటూ పోయాడు. "కాంట్రాక్టరు సొంత నిచ్చెన తెచ్చుకొనవలెను" అన్నది నాలుగో షరతు. కంప్యూటరుకు నిచ్చెన ఎందుకో ఆయనకు తెలియదు, అక్కర్లేదని కూడా తెలియదు. తెలియని దాన్ని కొట్టెయ్యడం ధర్మం కాదని ఉంచేశాడు. రెండు పూతలు వెయ్యాలనీ, మొదటిది ఆరాకే రెండోది వెయ్యాలనీ ఉన్న ఐదో షరతు కూడా అట్లాగే బతికి బయటపడింది.

ఇక యంత్రం ఏం చెయ్యాలన్నది. ఎవరి పని వాళ్ళనే అడిగి రాసుకుందామని కోర్టంతా తిరిగాడు. బంట్రోతు సిద్ధయ్య పార్టీల పేర్లు పిలిచేవాడు. మూడుసార్లు పిలవాలనీ, మూడోసారి తల టీ కొట్టు వైపు తిప్పి పిలవాలనీ, సగం మంది పార్టీలు ఉండేది అక్కడేననీ చెప్పి, కాబట్టి యంత్రానికి మెడ ఉండాలని రాయించాడు. వాయిదాలు వేసే గుమాస్తా సుకుమారి ఇంకా గట్టిది. ఆ చుట్టుపక్కల ఏ కేసు విప్పినా మాలకొండ స్వామి పేరు పెట్టుకున్న ఒక మాల్యాద్రి ఉంటాడు. మాలకొండ గుడి తలుపులు తెరిచేది శనివారం ఒక్కరోజే, కాబట్టి మాల్యాద్రులకు శనివారం వాయిదా వెయ్యకూడదు. ఏఎస్ పేట దర్గాలో గంధం రోజున తురకల కేసులు పెట్టకూడదు. శుభ శుక్రవారం ముందు వారంలో సగం కోర్టే ఉండదు. ఇవన్నీ తన తలకాయలో ఉన్నాయనీ, దానికి తలకాయ ఉందో లేదో ముందు కనుక్కోమనీ ఆమె సలహా. మెడ ఎట్లాగూ రాశాం కదా అని డేవిడ్‌రాజు తల కూడా రాసుకున్నాడు.

చివరికి రికార్డు రూముకు వెళ్ళాడు. అక్కడ జబీవుల్లా.

జబీవుల్లా సంగతి కొంచెం చెప్పాలి. డెబ్బై తొమ్మిదిలో అప్పటి మునసబుగారు నోటిమాటతో పనిలోకి తీసుకున్నారు. అంతకుముందు అతను బస్సులో క్లీనరు. అప్పటినుంచి పంతొమ్మిదేళ్ళుగా టెంపరవరీ. పర్మనెంటు చెయ్యమని నాలుగు అర్జీలు పెట్టుకుంటే నాలుగూ ఒకే మాటతో తిరిగొచ్చాయి: ఈయన ఫలానా రోజున చేరినట్టు కోర్టు పుస్తకం దేంట్లో రాసి ఉందో చూపవలెను. దేంట్లోనూ రాసి లేదు. చూసినవాళ్ళం ఉన్నామని డేవిడ్‌రాజు రాసి పంపితే, నోటి సాక్ష్యం చెల్లదని జవాబు. సాక్షులతోనే బతికే కోర్టుకు సాక్ష్యం చెల్లదట, వినండి.

అతను చేరిన ఏడే రికార్డు రూము రిజిస్టరును చెదలు తినేశాయి. ఏ కట్ట ఎక్కడుందో చెప్పే పుస్తకం పోయింది. జబీవుల్లా దిగులుపడకుండా తనకు తెలిసిన పద్ధతిలో కట్టలు సర్దుకున్నాడు, బస్సు దారిలో. తలుపు దగ్గర ఉదయగిరి. తరువాత దుత్తలూరు, వింజమూరు, ఏఎస్ పేట, ఆ చివర కిటికీ కింద ఆత్మకూరు. జలదంకి కట్ట కావాలంటే వింజమూరులో దిగి కావలి బస్సెక్కాలి, అంటే పక్క గోడకు తిరగాలి. ఎవరైనా కేసు చెప్పగానే స్టేజీల పేర్లు గొణుక్కుంటూ నడిచి వెళ్ళి, దిగాల్సిన చోట దిగి, కట్ట పట్టుకొచ్చేవాడు. సోమశిల డ్యాము ముంపు కేసులు మాత్రం అన్నిటికన్నా పై అరలో ఉండేవి. ఆ ఊళ్ళు ఒకసారి మునిగింది చాలని అతనే పైన పెట్టాడు.

డేవిడ్‌రాజు కాగితం తీసి, ఇక్కడ యంత్రం ఏమేం చెయ్యాల్సి ఉంటుందో చెప్పమన్నాడు. జబీవుల్లా చేతిలో కట్ట కింద పెట్టాడు.

"అది వస్తే నా సంగతేంది సార్?"

ఏమీ కాదులే అనడం ఎవరికైనా సులువు. డేవిడ్‌రాజుకు అబద్ధం రాదు.

"తెలీదురా జబీ."

"మా ఇంటిది హఫ్సా కూడా అదే అడగతా ఉండాది. నలభై రెండు నిండినాయి. మళ్ళా బస్సు మీదికెక్కి మూటలెయ్యమంటే ఎక్కలేను." మళ్ళీ తనే అన్నాడు. "మా పనులు దానితో కాదని అందురూ రాయించినారంట. నేను అట్ట చెప్పను సార్. కట్ట తెచ్చేది కూడా ఒక పనేనా? ఎవురైనా తెస్తారు."

డేవిడ్‌రాజుకు కోపం వచ్చింది. మెడ కావాలన్నవాడు నిక్షేపంగా పర్మనెంటు, తలకాయ కావాలన్నది పర్మనెంటు, కోర్టును మోస్తున్నవాడు మాత్రం తన పని పనే కాదంటున్నాడు. ఆ కోపంలో ఒక కుర్చీ లాక్కుని రికార్డు రూములో మూడు రోజులు కూర్చున్నాడు. జబీవుల్లా చేసిందల్లా చేసినట్టు రాశాడు. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. అదే పదిహేడో షరతు. పార్టీకి కేసు నంబరు గానీ సంవత్సరం గానీ తెలియకపోయినా, ఊరి పేరు, తండ్రి పేరు, తగాదా దేనిమీదో చెబితే చాలు, నాలుగు నిమిషాల్లో కట్ట తీసుకురావలెను. అన్నదమ్ముల కేసులైతే అడగకుండానే రెండో కట్ట కూడా తేవలెను. పార్టీ ఏడుస్తూ ఉన్న యెడల మంచినీళ్ళు ఇవ్వవలెను. అట్లా పదకొండు పేజీలు. మునసబుగారు చేతిరాతను మరోసారి మెచ్చుకుని చదవకుండా సంతకం చేశారు.

పైవాళ్ళూ చదవలేదు. దాన్నే టెండరుగా వేశారు.

నెల్లూరు నుంచి ఇద్దరు కాంట్రాక్టర్లు షరతుల కాగితం కొనుక్కుని, మెడ దాకా చదివి, మళ్ళీ కనపడలేదు. మూడోవాడు రాజమోహన్. కంప్యూటర్లు నేర్పే బడి పెట్టుకున్న మనిషి, కొత్త వ్యాపారం, గవర్నమెంటు పనంటే భక్తీ భయమూ ఉన్నవాడు. కోర్టును చూసుకోవడానికి బస్సు దిగినప్పుడు టాపు మీదినుంచి ఒక వెదురు నిచ్చెన కూడా దిగింది. నాలుగో షరతు కదా అన్నాడు. సిద్ధయ్య మర్యాదగా దాన్ని గోడకు ఆనించి, రెండు పూతలకు బ్రష్షులు తెచ్చారా అని అడిగాడు.

రాజమోహన్ కోర్టంతా కొలుచుకుని రికార్డు రూములో కూర్చున్నాడో లేదో, కామమ్మ అనే ముసలావిడ నకలు కోసం వచ్చింది. సోమశిల కింద మునిగిన ఊరు ఆమెది. ఇదే అదనని రాజమోహన్ యంత్రం అడగబోయే ప్రశ్నలే తనూ అడిగాడు. కేసు నంబరు? తెలీదు. ఏ సంవత్సరం? మా బర్రె చచ్చిపోయిన ఏడు. ఎదుటి పార్టీ ఎవరు? ఇంకెవురు, మా మరిదే. రాజమోహన్ పెన్ను ఆగిపోయింది. ఈలోగా జబీవుల్లా, "ఆత్మకూరు, దిగి, సోమశిల బస్సు" అని గొణుక్కుంటూ వెళ్ళి, రాజమోహన్ నిచ్చెనే వేసుకుని పై అర నుంచి కట్ట దించాడు. మరిది కట్ట కూడా తెచ్చాడు. ముసలావిడ కొంగు కళ్ళకు పెట్టుకోగానే చెంబుతో నీళ్ళు తెచ్చాడు. రాజమోహన్ చేతి గడియారం చూసుకున్నాడు. మూడు నిమిషాలు.

"సార్, పదిహేడో షరతు నా మిషను చెయ్యలేదు," అన్నాడు డేవిడ్‌రాజుతో. "ఈయన పక్కన కూర్చోని చెప్తా ఉంటే ఎక్కించుకుంటాది. కొత్త కట్టలు వస్తానే ఉంటాయి కాబట్టి ఈయన ఎప్పుడూ ఉండాల."

అయితే ఆ మాట రాయమన్నాడు డేవిడ్‌రాజు. ఎక్కడ రాయాలన్నది చిక్కు. టెండరు కాగితం సున్నానిది. అందులో మనుషుల ఊసు లేదు. "డిపార్టుమెంటు సమకూర్చవలసిన సామాను" అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది. సున్నం రోజుల్లో అక్కడ నీళ్ళ తొట్టి అని రాశారు. రాజమోహన్ అందులో శ్రద్ధగా రాశాడు: గది ఒకటి, టేబుళ్ళు రెండు, ఫ్యాను ఒకటి, జబీవుల్లా ఒకటి; ఇవి శాశ్వతముగా ఉండవలెను. డేవిడ్‌రాజు దాన్ని చాలాసేపు చూశాడు. గది కావాలి, నిజం. జబీవుల్లా కావాలి, అదీ నిజం. సామాను అన్న మాట అచ్చులో ఉంది, ఎవరూ చేత్తో రాసింది కాదు. పంపేశాడు.

ఫిబ్రవరిలో మంజూరు వచ్చింది. అడిగినవన్నీ శాశ్వత ప్రాతిపదికన ఇచ్చారు. సిద్ధయ్య మిఠాయి తెచ్చాడు. హఫ్సా సేమ్యా చేసి పంపింది. రెండు వారాలు అంతా సంతోషమే. ఆ తరువాత ఇంకో కాగితం వచ్చింది: మంజూరైనది సామాను మాత్రమే, ఉద్యోగం కావాలంటే చేరిన తేదీ ఏ పుస్తకంలో ఉందో చూపవలెను. మళ్ళీ మొదటికొచ్చింది. ఆ కాగితం జబీవుల్లాకు చదివి వినిపించాల్సి వచ్చినప్పుడు డేవిడ్‌రాజుకు తలెత్తడానికి సిగ్గేసింది. మంచి చెయ్యబోయి మనిషిని ఫ్యాను పక్కన నిలబెట్టాడు.

"పోనీలే సార్. సామానైతే తీసెయ్యరు గదా," అన్నాడు జబీవుల్లా. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

సరిగ్గా అప్పుడే నాజరు చెంచయ్య సామాన్ల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. కోర్టు కుర్చీలకూ బల్లలకూ ఆయనే కాపలా. మంజూరైన వస్తువు పుస్తకంలోకి ఎక్కాల్సిందే, అది గొడుగు కానీ మనిషి కానీ. గది, టేబుళ్ళు, ఫ్యాను ఎక్కించాడు. నాలుగో వరసలో జబీవుల్లా, ఒకటి. పరిస్థితి అన్న గడిలో మనిషిని కింది నుంచి పైకి చూసి, బాగుంది అని రాశాడు. ధర అన్న గడిలో గీత గీశాడు. ఆ తరువాతి గడి, వస్తువు కోర్టులోకి వచ్చిన తేదీ.

మంజూరైన తేదీ వేసెయ్యమని సుకుమారి తన బల్ల దగ్గరినుంచే అంది. చెంచయ్య కళ్ళద్దాల మీదినుంచి చూశాడు.

"మంజూరు తేదీకి వేరే గడి ఉండాదమ్మా. ఇది వచ్చిన తేదీ. ముప్పై ఏళ్ళుగా రాస్తా ఉండాను, తప్పు తేదీ ఒక్కటి ఎక్కించలా. ఏమయ్యా జబీవుల్లా, నువ్వెప్పుడొచ్చినావు?"

"డెబ్బై తొమ్మిది, జూన్ నాలుగు. సోమవారం."

"అప్పజెప్పుకునింది ఎవురు?"

"నేనే," అన్నాడు డేవిడ్‌రాజు. "రికార్డు రూము తాళం నేనే ఇచ్చినా."

చెంచయ్య ఆ తేదీ రాసి, పుస్తకం ఆయన వైపు తిప్పాడు. డేవిడ్‌రాజు సంతకం పెట్టాడు, కోర్టు ముద్ర పడింది. పంతొమ్మిదేళ్ళలో ఆ తేదీ ఒక కోర్టు పుస్తకంలోకి ఎక్కడం అదే మొదటిసారి. డేవిడ్‌రాజు ఆ సాయంత్రమే దానికి నకలు తీయించి, ఐదో అర్జీకి కుట్టి, పైకి పంపాడు.

ఏ పుస్తకం అని అడిగారే గానీ ఏ రకం పుస్తకమని పైవాళ్ళు ఎన్నడూ అడగలేదు. ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. షేక్ జబీవుల్లా, రికార్డు అసిస్టెంటు, పర్మనెంటు, జూన్ నాలుగు, డెబ్బై తొమ్మిది నుంచి.

ఆ రోజు చెంచయ్య మళ్ళీ పుస్తకం పట్టుకొచ్చాడు. సామాన్లలో ఒకటి తగ్గింది, కారణం రాయకుండా కొట్టెయ్యడానికి వీల్లేదు. విరిగిందనో, చెదలు పట్టిందనో, పోయిందనో రాయడం ఆయనకు అలవాటే. ఇది అందులో ఏదీ కాదు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, నాలుగో వరస మీద స్కేలు పెట్టి ఎర్ర గీత గీసి, పక్కన తన పద్ధతిలోనే రాశాడు: "సదరు వస్తువు మనిషి అని తేలినందున కొట్టివేయడమైనది."

జబీవుల్లా పుస్తకం అడిగి తీసుకుని, ఆ వాక్యం తనే చదువుకున్నాడు. ఇంకోసారి చదువుకున్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, పుస్తకం చెంచయ్య చేతికిచ్చి, ఎవరో పార్టీ నకలు కోసం పిలుస్తుంటే కట్ట తేవడానికి లోపలికి వెళ్ళాడు.